కలపకూడని గీత

మంగళ చేసిన పొరపాటు బొటనవేలు వెడల్పు కూడా లేదు. అయినా దాన్ని దిద్దుకోవడానికి ఆమె తనకున్న ఒక్క ఉద్యోగాన్నీ పణంగా పెట్టాల్సి వచ్చింది. ఇంత చిన్నదానికి అంత గొడవా అని ముక్కున వేలేసుకునేవాళ్ళు ఈ కథ చివరిదాకా వినాలి. అప్పటికీ వేలు తియ్యకపోతే వాళ్ళిష్టం.

క్యాన్‌బెరాలో, బ్రాడన్‌లో, వారెన్ అనే ఆయనకి పాత కళావస్తువుల గ్యాలరీ ఉంది. ముందు గది నిండా గాజు బీరువాలు, వెనక గదిలో మంగళ బల్ల. బీటలు వారిన కూజాలు, పిడి ఊడిన కప్పులు, ముక్కు విరిగిన బొమ్మలు ఆ బల్ల మీదికి వస్తాయి. అతుకు ఎక్కడుందో తెలియకుండా ముందు గదిలోకి వెళ్తాయి. రేపల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక పాండురంగ వెంట క్యాన్‌బెరా శివారు గంగాలిన్‌కి వచ్చి, ఏళ్ళ తరబడి ఇంటిపట్టునే ఉండిపోయి, కూతురు లిఖిత హైస్కూల్లో చేరాక టేఫ్ అనే వృత్తివిద్యా కాలేజీలో రెండేళ్ళు పాత వస్తువులు బాగుచేసే కోర్సు చేసి మంగళ సంపాదించుకున్న బల్ల అది. పాండురంగ ఒక ప్రభుత్వ శాఖలో ఐటీ కాంట్రాక్టరు. కాంట్రాక్టు రెన్యూవల్ నెల వచ్చిందంటే మేనేజరు తుమ్మినా తనే సారీ చెప్పే రకం. మంగళ ఆ రకం కాదు. నాలుగేళ్ళుగా వెనక గది తాళంచెవి ఆమె బ్యాగులో ప్రత్యేకంగా ఒక జిప్పులో ఉంటుంది. ఇంటి తాళంచెవికి ఆ భాగ్యం లేదు.

సెప్టెంబరు మొదట్లో ఆ బల్ల మీదికి మూడు ముక్కలుగా ఒక ప్యూబ్లో కుండ వచ్చింది. చనిపోయిన ఒక ప్రొఫెసర్ ఇంట్లోంచి వచ్చిన సామానులో దొరికింది. ప్యూబ్లోలంటే అమెరికాలో, న్యూ మెక్సికో వైపు, తరతరాలుగా మట్టి ఇళ్ళ ఊళ్ళలో ఉంటున్న జనం. వాళ్ళ పాత పద్ధతిలో కుండకి సారెతో పని లేదు. ఆడవాళ్ళు మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి కుండ లేపుతారు. నున్నటి గులకరాయితో రుద్ది మెరుగు పెడతారు. కత్తిలాంటి ఒక ఆకు కొస నమిలి, ఆ పీచునే కుంచె చేసుకుని బొమ్మలు వేస్తారు. ఆరుబయట పిడకలు పేర్చి కాలుస్తారు. పిడకల సంగతి చదివినప్పుడు మంగళకి ఆ కుండ చేసినావిడ ఎవరో తెలిసినావిడే అనిపించింది.

మీగడ రంగు కుండ. పొట్ట మీద ఇటిక రంగు పక్షులు, నల్లటి మెట్ల గీతలు. మెడ చుట్టూ రెండు నల్లటి గీతలు. ముక్కలు అతికి, చెక్కులు పూడ్చి, పక్షి రెక్క మీద పోయిన రంగు వేసి, కుండని తిప్పి చూసుకుంటే మెడ దగ్గర ఆ రెండు గీతలూ ఒకచోట ఆగిపోయాయి. బొటనవేలంత ఖాళీ వదిలి మళ్ళీ మొదలయ్యాయి.

అక్కడ రంగు రాలిన గుర్తు లేదు. గీత కొసలు రెండూ స్పష్టంగా ఉన్నాయి. ఆ సంగతి మంగళ చూసింది. చూసి కూడా కలిపింది.

ఎందుకు కలిపావంటే ఆమె దగ్గర ఒక్కటే సమాధానం. చెయ్యి ఆగలేదు. ఆరేళ్ళ వయసు నుంచీ వాకిట్లో ముగ్గు వేసిన చెయ్యి అది. చుక్కల ముగ్గులో ఎక్కడ గీత కలవకపోయినా వాళ్ళమ్మ గుమ్మంలోంచే కేకేసేది. "గీత కలపకుండా లేచావేమే! ఆ సందులోంచి ఇంట్లోకి ఏం దూరాలనీ?" మంగళ పరుగున వెళ్ళి చిటికెడు పిండితో ఆ సందు మూసేది. నలభై ఏళ్ళ తర్వాత, బ్రాడన్‌లో, సన్నటి కుంచెతో అలాగే మూసింది. రెండంటే రెండు గీతలు. నలుపులో నలుపు కలిసిపోయింది. ఆ సాయంత్రం ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చుని తన చేతుల్ని తనే మెచ్చుకుంటూ ఇంటికి వచ్చింది.

వారెన్ భూతద్దం పెట్టి చూశాడు. "మ్యాంగ్స్, నువ్వు మంత్రగత్తెవి," అన్నాడు. ఆమె పేరు పూర్తిగా పలికే ఓపిక ఆయనకి నాలుగేళ్ళలో ఒక్కనాడూ కలగలేదు. కుండని ఫొటో తీయించి అక్టోబరు ప్రదర్శన కేటలాగ్‌కి అట్ట మీద వేయించాడు. కింద 'ఎక్కడా తెగని సంపూర్ణ రేఖ' అని రాయించాడు. పాతికేళ్ళుగా ఆయన దగ్గర కొంటున్న హెలెన్ అనే రిటైర్డ్ డాక్టరు ఆ బొమ్మ చూసి, కుండ తనకే ఉంచమని ఫోన్ చేసింది.

ప్రదర్శనకి పది రోజుల ముందు మంగళ లైబ్రరీ నుంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుంది. అప్పటికి కుండ పని అయిపోయింది. చదవాల్సిన అవసరం లేదు. ఊరికే ఆ పక్షుల మీద ఇష్టంతో తెచ్చుకుంది. వంటింటి బల్ల మీద పేజీలు తిప్పుతుంటే ఒక కుండ మెడ దగ్గర గీత ఆగి ఉంది. తర్వాత పేజీలో ఇంకో కుండ. అక్కడా అంతే. మూడోది, నాలుగోది. అన్ని గీతలూ బొటనవేలంత దారి వదిలి ఆగి ఉన్నాయి. కింద రాసింది మంగళ రెండుసార్లు చదివింది. అనేకమంది ప్యూబ్లో కుమ్మరులు ఆ గీతని కావాలనే తెరిచి ఉంచేవాళ్ళట. అది వేసినామె బతుకు దారి. మూస్తే ఆ దారి మూసుకుపోతుందని వాళ్ళ నమ్మకమట.

పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారాయి. మంగళ లేవలేదు.

"అమ్మా, మిల్క్!" అంటూ లిఖిత వచ్చి స్టవ్ కట్టేసింది. తల్లి ముఖం చూసి పక్కన కూర్చుంది. "వాట్ హ్యాపెన్డ్?"

"నేనొక పాడు పని చేశానే," అంది మంగళ.

తల్లీకూతుళ్ళు కలిసి, న్యూ మెక్సికోలో ప్యూబ్లో కుమ్మరులే నడుపుకునే ఒక చిన్న కేంద్రానికి ఈమెయిల్ రాశారు. మంగళ తెలుగులో చెప్పింది, లిఖిత ఇంగ్లీషులో కొట్టింది. కూతురు 'యాక్సిడెంటల్లీ' అని రాస్తే మంగళ చెరిపించింది. "పొరపాటున జరగలేదు. చూసే చేశాను. అలాగే రాయి." మూడు రోజులకి రోజ్‌మేరీ అనే కుమ్మరావిడ నుంచి జవాబొచ్చింది. నాలుగే నాలుగు వాక్యాలు. 'నిజం చెప్పినందుకు సంతోషం. ఆ గీత గురించి నేను చెప్పగలిగింది కొంచెమే, మిగతాది మా ఇళ్ళలో ఉండాల్సిన మాట. వేసినామె తెలిసే దాన్ని తెరిచి ఉంచింది. దయచేసి ఆమె దారి తెరవండి.'

దయచేసి అన్న మాట మంగళని కాల్చింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

గురువారం పొద్దున్నే, వసంతం వచ్చిందంటే నెత్తి మీద పొడిచే మ్యాగ్‌పై పిట్టల నుంచి గొడుగు అడ్డం పెట్టుకుని, మంగళ ట్రామ్ ఎక్కి గ్యాలరీకి వెళ్ళింది. వారెన్‌కి అంతా చెప్పింది. అరనిమిషం పని, తను వేసిన రంగు స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిస్తే పోతుంది, కిందున్న అసలు రంగు చెక్కు చెదరదు అంది. ఈ పనిలో మొదటిరోజు నేర్పే పాఠమే అది. నువ్వు చేసినదాన్ని రేపు ఎవరైనా తీసెయ్యాలనుకుంటే తీసెయ్యగలిగేలా ఉండాలి.

వారెన్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మంగళకి పని తేలికయ్యేది. ఆమెకి టీ కలిపి ఇచ్చి, ఎదురుగా కూర్చుని, చాలా ఓపిగ్గా కాదన్నాడు.

"కేటలాగ్ అచ్చయింది. అట్ట మీద ఆ గీతే ఉంది. హెలెన్‌కి ఆ గీతే నచ్చింది. ఖాళీ కనిపిస్తే జనం విరిగిందనుకుంటారు మ్యాంగ్స్. ఒక్కొక్కరికీ కూర్చోబెట్టి పాఠం చెప్పలేను."

"నేను చెబుతాను."

"వద్దు. నువ్వు అద్భుతంగా చేశావు. అక్కడితో వదిలెయ్."

"అద్భుతంగా చేసింది తప్పు, వారెన్."

వారెన్ లేచాడు. కుండని గాజు బీరువాలో పెట్టి, తాళం వేసి, చెవి తన వెయిస్ట్‌కోటు జేబులో వేసుకున్నాడు. "శనివారం వచ్చి నవ్వుతూ నిలబడు చాలు. ఆ గీత మీద చెయ్యి వేశావంటే సోమవారం నుంచి రానక్కర్లేదు," అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, ఆ మాట అర్థం కావడానికి మంగళకి రెండు క్షణాలు పట్టింది.

ఇంట్లో పాండురంగ విషయం విని అన్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు. "నీకేమన్నా పిచ్చా మంగళా? వాళ్ళ నమ్మకాలు మనకెందుకు? ఎక్కడి న్యూ మెక్సికో, ఎక్కడి గంగాలిన్! ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

"నాకు తెలుసు కదండీ."

"నీకు తెలిస్తే నీ దగ్గరే ఉంచుకో. మనకసలు అలాంటి నమ్మకమే లేదు."

"మన నమ్మకం తీసుకెళ్ళి ఆవిడ కుండ మీద రుద్దింది నేనే కదా! ముగ్గు కలవాలన్నది మన ఇంటి మాట. ఆవిడ ఇంటికి వెళ్ళి ఆవిడ తలుపు మూసి రావడానికి నేనెవర్ని?"

 వాదన తనకి అందకపోతే పాండురంగ ఆఫీసు హెచ్‌ఆర్ భాషలోకి దిగుతాడు. "కొంచెం ఫ్లెక్సిబుల్‌గా ఉండాలోయ్. నాలుగేళ్ళు కష్టపడి తెచ్చుకున్న జాబ్. ఒక్క గీత కోసం పోగొట్టుకుంటావా?"

మంగళ మజ్జిగ పోసింది. నిజానికి ఆ మాట ఆమెకి తగిలింది. ఆ బల్ల లేని రోజులు ఆమెకి బాగా గుర్తున్నాయి. లిఖిత స్కూలు నుంచి వచ్చేదాకా మనిషి గొంతు వినపడని రోజులు, డాక్టరు దగ్గర ఫారం మీద వృత్తి అన్నచోట ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకు కూర్చున్న రోజులు. మళ్ళీ ఆ ఫారాల ముందు కూర్చోవడమంటే ఆమెకి భయమే. భయం లేదని చెప్పుకునే గొప్ప ఆమెకి లేదు. అయినా శనివారం పొద్దున కంచి పట్టుచీర కట్టుకుని, బ్యాగులో ఒక చిన్న స్పిరిట్ సీసా, పొట్లం కట్టిన దూది పెట్టుకుని బయల్దేరింది. లిఖిత కూడా వెంట వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి గ్యాలరీ నిండింది. వైన్ గ్లాసులు, చీజు ముక్కలు, మెల్లగా నవ్వే జనం. కుండ గది మధ్యలో గాజు బీరువాలో దీపం కింద మెరుస్తోంది. వారెన్ చిన్న గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించి, కుండ గురించి నాలుగు ముక్కలు మాట్లాడి, "ఇదిగో మా మ్యాంగ్స్. ఈ మాయాజాలం చేసిన చేతులు ఈమెవే," అని చప్పట్లు మొదలుపెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మంగళ ముందుకు వచ్చింది. చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"నా పేరు మంగళ," అంది ఇంగ్లీషులో. "మెడ మీద ఆ గీత చూడండి. పక్షి ముక్కుకి సరిగ్గా పైన బొటనవేలంత ముక్క నాది. మిగతాదంతా ఆ కుండ చేసినామెది. ఆమె అక్కడ దారి వదిలింది. నేను మూసేశాను. అది రిపేరు కాదు, తప్పు. ఈ వేళ దాన్ని తీసెయ్యడానికి వచ్చాను."

 వారెన్ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "ఇంటికి వెళ్ళు," అన్నాడు.

"తాళంచెవి ఇవ్వండి. అరనిమిషంలో వెళ్తాను."

"ఇవ్వను."

"అయితే ఇక్కడే ఉంటాను," అంది మంగళ. చీర కొంగు నడుముకి దోపి, బీరువా పక్కన నిలబడింది.

వారెన్ ఆమెని మెడ పట్టి గెంటలేడు. అంతమంది ముందు, అంత పట్టుచీరలో ఉన్న మనిషిని గెంటడం ఏ గ్యాలరీకీ చేతకాదు. ఆయన జనాన్ని వేరే బీరువాల వైపు తీసుకెళ్ళాడు. కానీ జనం జనమే. చూడొద్దన్నది చూడకుండా ఉండలేరు. ఒక్కొక్కరే గ్లాసు పట్టుకుని కుండ దగ్గరికి వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకీ మంగళ అదే చెప్పింది. ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా నాది, మిగతాది ఆమెది. మొదట మాటలు తడుముకుంది. అయిదో మనిషికి తడబాటు పోయింది. పదో మనిషికి ఆమె ఇంగ్లీషులో వ్యాకరణం కూడా పోయింది, ఆమె పట్టించుకోలేదు.

ఒకాయన కళ్ళజోడు గాజుకి ఆనించి చాలాసేపు చూశాడు. "నాకేం తేడా తెలియడం లేదే," అన్నాడు.

"తెలియదు," అంది మంగళ. "నేనంత బాగా చేశాను. అందుకే నోటితో చెప్పాల్సి వస్తోంది."

గంట గడిచింది. కాళ్ళు లాగుతున్నాయి. లిఖిత ఒక కుర్చీ తెచ్చి పక్కన పెట్టింది. "అమ్మా, సిట్. ప్లీజ్."

"కూచుంటే అలిసిపోయిందనుకుంటాడే," అంది మంగళ. లిఖిత ఆ కుర్చీలో తను కూర్చోలేదు. తల్లి పక్కన నిలబడి, కొత్తగా వచ్చినవాళ్ళకి సగం సగం తనే చెప్పడం మొదలుపెట్టింది. మూడున్నర దాటేసరికి గదిలో ఎవరూ వైన్ గురించి గానీ, మిగతా బీరువాల గురించి గానీ మాట్లాడటం లేదు.

అప్పుడు హెలెన్ వచ్చింది. పొట్టిగా, తెల్లటి జుట్టుతో, చేతికర్రతో. మంగళ చెప్పిందంతా తల ఊపకుండా వింది. "నేను సంపూర్ణమైన కుండ అనుకుని అడిగాను," అంది.

"సంపూర్ణంగానే ఉండేది. నేను చెడగొట్టాను."

హెలెన్ ఆమె వంక ఒక నిమిషం తేరిపార చూసింది. తర్వాత కర్ర టకటకలాడించుకుంటూ బయటికి వెళ్ళిపోయింది. బేరం పోయిందనుకున్న వారెన్ ముఖం మాడిపోయింది. పెద్ద అడుగులేసుకుంటూ వచ్చి వెయిస్ట్‌కోటు జేబులోంచి తాళంచెవి తీసి మంగళ చేతిలో పెట్టాడు.

"కానివ్వు. తుడిచేసి వెళ్ళిపో. నీ తప్పుల్ని నువ్వే నలుగురికీ చాటుకుంటుంటే, ఈ ఊళ్ళో నీకు పని ఎవరిస్తారో చూస్తాను."

"చూడండి," అంది మంగళ.

బీరువా తెరిచింది. దూది స్పిరిట్‌లో ముంచి, వేలితో పిండి, గీత మీద ఆనించింది. ఒకసారి దొర్లించింది, రెండోసారి దొర్లించింది. దూది నల్లబడింది. అరనిమిషం అంది కానీ అంత కూడా పట్టలేదు. ఆమె వేసిన నలుపు కింద మీగడ రంగు మళ్ళీ బయటపడింది. అది కాక ఇంకొకటి కూడా బయటపడింది. అసలు గీత కొస దగ్గర పీచు కుంచె ఒక్క క్షణం నొక్కి ఆగిన గుర్తు ఉంది. రంగు అక్కడ చిన్న బొట్టులా చిక్కబడింది. ఆ కుండ చేసినామె అక్కడ ఊరికే వదిలెయ్యలేదు. ఆగింది. ఆగి, ఇక చాలని చెయ్యి ఎత్తింది. అంత బలంగా ఎత్తిన చేతి మీద తను రంగు పూసింది. మంగళకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, చేతులకి స్పిరిట్ ఉంది.

"సారీ అమ్మా," అంది ఆ కుండతో, తెలుగులోనే.

బీరువా తాళం వేసి ఆ చెవి వారెన్‌కి ఇచ్చింది. బ్యాగు జిప్పు తెరిచి వెనక గది చెవి తీసి, లోపలికి వెళ్ళి తన బల్ల మీద పెట్టింది. కుంచెలు మాత్రం తెచ్చుకుంది. అవి ఆమె సొంతం.

 ట్రామ్ డిక్సన్ స్టాపు దాటాక లిఖిత తల్లి భుజం మీద తల పెట్టుకుంది.

ఇంట్లో పాండురంగ అప్పటికే నాలుగు ఉద్యోగ ప్రకటనలు ప్రింటు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. కోపం వస్తే ఆయన ప్రింట్లు తీస్తాడు. మంగళ చీర మార్చుకుని వచ్చి ఉప్మా తిరగమోత వేస్తుండగా ఫోన్ మోగి ఆగింది. వారెన్ మెసేజ్.

'మంగళా,' అని మొదలుపెట్టాడు. నాలుగేళ్ళలో మొదటిసారి పేరు పూర్తిగా రాశాడు. 'హెలెన్ ఫోన్ చేసింది. కుండ తీసుకుంటుందట, గీత తెరిచి ఉన్నది ఉన్నట్టే. ఇక మీదట నువ్వు చూసిన వస్తువులే కొంటానంది. జరిగింది మర్చిపోదాం. తాళంచెవి బల్ల మీదే ఉంది. సోమవారం రా.'

పాండురంగ భుజం మీంచి చదివి గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య! గండం గడిచింది. థాంక్యూ సో మచ్ అని పెట్టు, వెంటనే పెట్టు."

మంగళ స్టవ్ తగ్గించి, చెయ్యి తుడుచుకుని, నిలబడే జవాబు రాసింది. 'మర్చిపోవద్దు. కేటలాగ్ అట్ట మీద ఆ గీత ఇంకా మూసే ఉంది. ప్రతి కాపీలోనూ ఒక సవరణ కాగితం పెట్టండి. కొత్త ఫొటో, కింద నేను చేసిన తప్పేమిటో నా పేరుతో రెండు వాక్యాలు. అది అచ్చయ్యాక వస్తాను.'

పాండురంగ తల పట్టుకున్నాడు. "పిలిచి ఉద్యోగం ఇస్తుంటే షరతులా? ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకోకపోతే ఆ బల్ల ఖాళీగా ఉంటుంది. ఉండనివ్వండి," అంది మంగళ. "ఖాళీ కనిపిస్తే చాలు మూసెయ్యాలని చెయ్యి లాగేది నాకు. ఆ జబ్బు ఈ వేళ వదిలింది."

అని మెసేజ్ పంపించేసి, ఉప్మాలో రవ్వ పోసింది.